పిట్టగోడ కట్టమన్న దేవుడు

సిద్దిపేట దగ్గర చంద్లాపూర్‌లో రంగనాయక సాగర్ కట్ట మీద సాయంత్రం పూట నిలబడితే మనసు నిండుతుంది. ఎండిన బోర్లు, నెర్రెలు బారిన చెరువులు చూసినవాళ్లం మనం. 2020 ఏప్రిల్‌లో గోదావరి నీళ్లు అందులోకి చేరినప్పుడు దేవునికి కృతజ్ఞతలు చెల్లించనివారు మనలో తక్కువ. అయితే ఆ నీళ్లు వచ్చే దారిలోనే, పొరుగున రాజన్న సిరిసిల్ల జిల్లా తిప్పాపూర్ వద్ద, 2017 సెప్టెంబరులో సొరంగం పైకప్పు కూలి ఏడుగురు కార్మికులు చనిపోయారు. నీళ్ల కోసం చేసిన ప్రార్థనలో వాళ్ల మాట మనకు గుర్తుకు రాలేదు.

ఆ తరువాత కూడా ఈ వరుస ఆగలేదు. 2024 మే నెలలో హైదరాబాద్ బాచుపల్లిలో వర్షానికి అపార్ట్‌మెంట్ ప్రహరీ కూలీల షెడ్ల మీద పడి ఏడుగురు మరణించారు. వారిలో నాలుగేళ్ల పసివాడు ఉన్నాడు. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట వద్ద ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. రెండు నెలలపాటు గాలించినా దొరికినవి రెండు మృతదేహాలే. జార్ఖండ్ నుండి, ఉత్తరప్రదేశ్ నుండి వచ్చిన ఆ బిడ్డల తల్లులకు చివరి చూపు కూడా దక్కలేదు.

ఇలాంటి వార్త విన్నప్పుడు మన నోట సామాన్యంగా వచ్చే మాట ఒకటుంది: "వాళ్ల ఆయుష్షు అంతే." విశ్వాసులమైన మనం దాన్నే "దేవుని చిత్తం" అంటాం. లూకా 13వ అధ్యాయంలో సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయిన సంగతి ఉంది. చనిపోయినవాళ్లు మిగతావారికంటె ఎక్కువ పాపులని అనుకోవద్దని ప్రభువు అక్కడ స్పష్టంగా చెప్పాడు. చనిపోయినవాడి మీదికి నేరం నెట్టే మాటను ఆయన ఒప్పుకోలేదు. "తాగి ఎక్కాడేమో", "చూసుకోవద్దా" అని తేలికగా అనేసే మనకు ఆ గద్దింపు తగులుతుంది.

మరి బాధ్యత ఎవరిది? ద్వితీయోపదేశకాండము 22:8 దీనికి జవాబు చెబుతుంది. కొత్త ఇల్లు కట్టించేవాడు పైకప్పు చుట్టూ పిట్టగోడ పెట్టించాలి. లేకపోతే అక్కడ నుండి పడినవాడి రక్తాపరాధం ఆ ఇంటి మీదికి వస్తుంది. ఈ ఆజ్ఞ పడేవాడికి ఇచ్చింది కాదు, కట్టేవాడికి కూడా కాదు. కట్టించేవాడికి ఇచ్చింది. పైగా అది రాజమందిరానికో కోటకో కాదు, మామూలు ఇంటికి. ఎవరైనా పడకముందే చేయాల్సిన పని అది.

ఇప్పుడు మన సంగతి చూసుకుందాం. సిద్దిపేట, గజ్వేల్, దుబ్బాక, హుస్నాబాద్ ప్రాంతాల్లో ఇళ్లు, దుకాణాలతో పాటు ప్రార్థనా మందిరాలు, పాస్టర్ గారి ఇల్లు, కమ్యూనిటీ హాలు, హాస్టలు కూడా లేస్తున్నాయి. అంటే కట్టించేవాళ్లలో మనం కూడా ఉన్నాం. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం పది మంది, అంతకుమించి పనిచేసే చోటికి వర్తించేది. 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ కూడా సామాన్యంగా ఆ పది మంది లెక్కనే తీసుకుంది. ఒక మేస్త్రీ, ఆరుగురు కూలీలతో లేచే మందిరం దగ్గరికి చట్టం రాకపోవచ్చు. లేఖనం మాత్రం వస్తుంది.

అక్కడ ప్రమాదం ఎలా జరుగుతుందో మనకు తెలియనిది కాదు. పాత కర్రలు, కుళ్లిన తాళ్లతో సారువ కడతారు. స్లాబ్ అంచున అడ్డం ఉండదు. పైన పోయే కరెంటు తీగకు ఇనుప చువ్వ తగులుతుంది. లోతుగా తవ్విన పునాది గుంత పక్కనే మట్టి కుప్ప పోయడంతో అంచు విరిగి మీద పడుతుంది. ఇక సెంట్రింగ్. స్లాబ్ కింద పోట్లు ఎన్నాళ్లు ఉండాలో భారత ప్రమాణం ఐఎస్ 456 చెప్పింది. మామూలు సిమెంటుకు నాలుగున్నర మీటర్ల లోపు వెడల్పుకు కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు. దూలాల కింద ఇంకా ఎక్కువ. మందిరం హాలు వెడల్పుగా ఉంటుంది కనుక తొందర అసలే పనికిరాదు. కానీ క్రిస్మస్‌కు ప్రతిష్ట అని తేదీ ముందే ప్రకటించి, కరపత్రాలు వేయించి, మేస్త్రీని తొందరపెట్టేది ఎవరు? మనమే.

"బెల్టు ఇచ్చినా వాళ్లే కట్టుకోరు" అంటారు. నిజమే, కొందరు కట్టుకోరు. చదరపు అడుగు లెక్కన గుత్తకు ఇచ్చినప్పుడు బెల్టు తగిలించుకుని, తీసుకుని పనిచేస్తే ఆ రోజు పని తగ్గుతుంది, కూలి తగ్గుతుంది. అందుకే భద్రత ఖర్చును గుత్త ధరలో కలపకుండా వేరుగా చెల్లించాలి. బెల్టు లేకుండా ఎవరూ పైకి ఎక్కకూడదని యజమాని నోట మాట రావాలి. కాంట్రాక్టరుకు ఇచ్చేశాం, ఇక మాకు సంబంధం లేదు అనుకోవడం పిలాతు చేతులు కడుక్కోవడమే.

మన పితరులు మరో దారి చూపించారు. మెదక్ కేథడ్రల్ కరువు కాలంలో లేచింది. ఆకలితో ఉన్నవారికి పని దొరకాలి, తిండి దొరకాలి అని చార్లెస్ పాస్నెట్ దొర ఆ పని చేయించారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ట జరిగిన ఆ గుడికి నూరేళ్లు నిండాయి. ఆ గుడి గోడల వెనుక కూలివాడి కడుపు గురించిన చింత ఉంది. నేటి మన మందిరాల వెనుక అతని ప్రాణం గురించిన చింత ఉండాలి.

కనుక మా మనవి ఇది. ఏ సంఘమైనా నిర్మాణం మొదలుపెట్టేముందు, భద్రత చూసే బాధ్యత కమిటీలో ఒకరికి పేరుపెట్టి అప్పగించండి. హెల్మెట్లు, బెల్టులు, గట్టి సారువ, స్లాబ్ అంచుకు అడ్డం, మంచినీళ్లు, ప్రథమ చికిత్స పెట్టె — వీటికి బడ్జెట్‌లో ఒక వరుస రాయండి. ప్రతిష్ట తేదీని స్లాబ్ ఆరిన తరువాతే ప్రకటించండి. పనివారి పిల్లలు గుంతల దగ్గర ఆడకుండా, ఉన్న హాలులో చోటివ్వండి. ప్రతి కార్మికుడి పేరు, ఊరు, ఇంటివారి ఫోన్ నంబరు రాసి ఉంచండి.

మన సంఘంలోనే తాపీ మేస్త్రీలు, సెంట్రింగ్ పనివారు, తట్టలు మోసే అక్కచెల్లెళ్లు ఉన్నారు. ఏడాదిలో 90 రోజులు పనిచేసిన, 18 నుండి 60 ఏళ్ల లోపు వారు రాష్ట్ర భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో నమోదు కావచ్చు. నిర్మాణాల నుండి వసూలయ్యే 1 శాతం సెస్సు వారి కోసమే. కార్డు లేకపోతే కుటుంబం వీధిన పడుతుంది. ఆరాధన తరువాత చదువుకున్న యువకులు ఇద్దరు ఒక బల్ల వేసుకుని కూర్చుంటే, ఈ కాగితాల పని కొన్ని ఆదివారాల్లో పూర్తవుతుంది.

ప్రతిష్ట దినాన మనం బిషప్ గారికి, దాతలకు శాలువాలు కప్పుతాం. ఈసారి ఆ గోడలు లేపిన చేతులను కూడా ముందు వరుసలో కూర్చోబెడదాం. అందరూ క్షేమంగా ఇంటికి వెళ్లారని చెప్పగలిగిన సంఘమే ఆ మందిరాన్ని నిర్మలమైన చేతులతో దేవునికి అప్పగించగలదు.