ఇంటి ముచ్చట్లు: కుక్క ఊరకే గోక్కోదు

ఈ మారు మన ముచ్చట ఇంట్లోని మనుషులను గురించి కాదు. వాకిట్లో పడుకునే కుక్కను గురించి, పొయ్యి దగ్గర ముడుచుకుని పడుకునే పిల్లిని గురించి. "మా కుక్క రాత్రంతా గోక్కుంటున్నది, పేలు పట్టినట్టున్నవి, ఏం చేయాలి?" అని అడిగేవారు మనలో చాలామందే ఉన్నారు. ఏం చేయాలో చెప్పే ముందు, అవి పేలేనా అని మేము ఎదురు ప్రశ్న వేయవలసి వస్తున్నది.

గనుల ఊళ్ళో మూడు భాషలు చెవిన పడని ఇల్లు లేదు గదా! కన్నడంవారు ఈ పురుగును చిగట అంటారు. తమిళులు తెళ్ళుపూచ్చి అంటారు. తెలుగులో మిన్నల్లి అనే చక్కని మాట ఉన్నది గాని, మన నోళ్ళలో అది దాదాపు అరిగిపోయింది. జంతువు ఒంటిమీద ఏది కనిపించినా మనకు పేనే. చిక్కంతా అక్కడే వస్తున్నది. పేను తెల్లగా, మందంగా ఉండి వెంట్రుకను పట్టుకుని పాకుతుంది. దాని ఈపులు వెంట్రుకకు అంటుకుని ఉంటాయి. పిడుదు చర్మంలో నోరు దిగేసి కదలకుండా ఉండి, రక్తం తాగి ఆముదపు గింజంత అవుతుంది. మిన్నల్లి ఈ రెండూ కాదు. నువ్వుగింజకన్న చిన్నది, ముదురు గోధుమ రంగు, ఇరుపక్కలా నొక్కినట్టు పలుచగా ఉంటుంది. రెక్కలు లేవు. వేలు పెట్టబోతే ఎగిరి దూకుతుంది. అందువల్ల దానిని కంటితో చూడడం కష్టం. అది విడిచిన గుర్తులను చూడాలి.

గుర్తులు చూడడానికి పెద్ద సామగ్రి అక్కరలేదు. పాత తెల్ల పంచె ముక్కను తడిపి పరచండి. దానిమీద కుక్కను నిలబెట్టి, నడుము నుంచి తోక మొదలు వరకు పేల దువ్వెనతో వెంట్రుకల అడుగు నుంచి దువ్వండి. మిరియాల పొడి వంటి నల్లని నలుసులు రాలుతాయి. అది మట్టి అయితే తడిబట్ట మీద మట్టిగానే ఉంటుంది. మిన్నల్లి మలమైతే కాసేపటికి చుట్టూ ఇటుక రంగు మరక కడుతుంది. ఎందుకంటే అది కుక్క రక్తమే, పురుగు కడుపులో పడి బయటికి వచ్చినది. ఒక్క పురుగూ కంటబడకపోయినా ఈ మరక చాలు. దువ్వెనకు పురుగు చిక్కితే సబ్బు నీళ్ళలో ముంచండి, నేలమీద దులపకండి.

కుక్క తోక మొదట్లో, తొడల వెనుక వెంట్రుక ఊడి, చర్మం ఎర్రబడి ఉంటే అనుమానించవలసిందే. కొన్నిటికి పురుగు ఉమ్మి పడదు. అటువంటి కుక్కకు నాలుగు కాట్లు చాలు, ఒళ్ళంతా పుండు చేసుకుంటుంది. పిల్లి సంగతి వేరు. అది శుభ్రమైన జంతువు, పురుగులను నాకి మింగేస్తుంది గనుక మనకు ఏమీ కనిపించదు. మెడ చుట్టూ, వీపున చెయ్యి పెట్టి చూస్తే ఇసుక రేణువుల్లా చిన్న పొక్కులు తగులుతాయి. మింగిన పురుగుల వెంట బద్దెపురుగు కూడా కడుపులోకి పోతుంది. మలద్వారం దగ్గర బియ్యపు గింజల వంటివి అంటుకుని ఉంటే అది ఆ లెక్కే. పిల్లలూ కూనలూ అయితే పై పెదవి ఎత్తి చిగుళ్ళు చూడండి. ఎర్రగా ఉండవలసినవి పాలిపోయి ఉంటే రక్తం తగ్గిపోయిందన్న మాట. ఆ కూనను ఆ రోజే పశువైద్యుని దగ్గరకు తీసుకుపోవాలి, ఆదివారమని ఆగకూడదు.

జంతువు మీద కనిపించేవి కొన్నే సుమండీ. ఆడ మిన్నల్లి రోజుకు నలభై గుడ్ల దాకా పెడుతుంది. అవి జారి గోనెపట్టాలోనో, గచ్చు నెర్రెలోనో, మంచం కిందనో పడతాయి. అక్కడే పొదిగి, పురుగై, గూడు కట్టుకుని కూర్చుంటాయి. ఆ గూటిలో నెలల తరబడి ఆగగలవు. అడుగుల అదురు, ఒంటి వేడి, ఊపిరి తగిలితే బయటికి దూకుతాయి. 2001లో గనులు మూతబడిన తరువాత మన ఇళ్ళు ఎన్నో తాళాలతో ఉంటున్నవి. పెద్దవాళ్ళు పిల్లల దగ్గరకని బెంగుళూరు పోయి రెండు నెలలకు వస్తారు. తలుపు తీసి లోపల అడుగు పెట్టగానే చీలమండల మీద దద్దుర్లు! కుక్క లేని ఇంట్లో పురుగెక్కడిదని ఆశ్చర్యపోతారు. అది మీ కోసమే కాచుకుని ఉన్నది.

మన పెద్దలు ఈ పురుగు పేరు ఎరగకపోయినా దాని దెబ్బ ఎరుగుదురు. 1898లో బెంగుళూరులో ప్లేగు అడుగుపెట్టి మైసూరు సంస్థానంలో పాకింది. ఇంట్లో ఎలుక రాలిందంటే ఊరు విడిచి పొలాల్లో పాకలు వేసుకున్నారు. అదే సంవత్సరం కరాచీలో పాల్ లూయీ సిమోండ్ అనే ఫ్రెంచి వైద్యుడు ఎలుక మీది మిన్నల్లే ఆ రోగాన్ని మోస్తున్నదని చూపించాడు. చచ్చిన ఎలుక ఒళ్ళు చల్లబడితే పురుగు మరో వెచ్చని ఒంటిని వెతుక్కుంటుంది. శాస్త్రం తెలియకుండానే మనవాళ్ళు సరైన గుర్తునే పట్టుకున్నారు! మైసూరు రాష్ట్రంలో 1966లో కనిపించిన తరువాత దేశంలో ప్లేగు మాట మళ్ళీ 1994లో, సూరత్, బీడ్ వైపు వినిపించింది. కోలారు, చిత్తూరు, హోసూరు కలిసే మన మూల మీద మాత్రం ప్లేగు నిఘావారు కన్ను వేసే ఉంచారు. కుక్కకూ పిల్లికీ సాధారణంగా పట్టేది ఎలుక మిన్నల్లి కాదు, భయపడనక్కరలేదు. కాని పిల్లి చచ్చిన ఎలుకను తెచ్చి గడప మీద పెడితే చేత్తో తీయకండి. చీపురూ చేటా వాడండి.

ఇక మందు. కిరసనాయిలు, ఫినాయిలు ఒంటికి పూయడం చాలా ఇళ్ళలో ఉన్నది. అది వైద్యం కాదు, హింస. జంతువు నాకితే విషం. మారికుప్పం వైపు మాకు తెలిసిన ఒక ఇంట్లో కుక్కకు తెచ్చిన పొడి మిగిలిందని పిల్లికి కూడా చల్లారు. సాయంత్రానికి అది వణకనారంభించింది, తెల్లవారేసరికి లేదు. కుక్కల మందుల్లో ఉండే పెర్మెత్రిన్ కుక్కకు సరిపడుతుంది, పిల్లికి ప్రాణాంతకం. డబ్బా మీద పిల్లికి అని లేకపోతే పిల్లికి వేయవద్దు. వైద్యుని అడిగి, ఇంట్లో ఉన్న జంతువులన్నిటికీ ఒకేమారు వాటి వాటి మందు వేయండి. అదే రోజు వాటి పడకలు వేడినీళ్ళలో ఉడికించి ఎండలో వేయండి, మూలలూ నెర్రెలూ ఊడ్చి ఆ చెత్తను కాల్చివేయండి. గూళ్ళలోనివి వరుసగా బయటికి వస్తూనే ఉంటాయి గనుక ఆ ఊడ్పు రెండు మూడు నెలలు మానకూడదు. వారానికొకసారి తడిబట్ట పరచి దువ్వి చూడండి; మరక కట్టడం మానినప్పుడు మందు పని చేసినట్టు.