అంబాసిడర్‌కు కొత్త గొంతు

మంగళవారమో శనివారమో కొండగట్టు అంజన్న దగ్గరికి వెళ్లినవాళ్లకు ఓ దృశ్యం తప్పకుండా కంటపడుతుంది. జగిత్యాల జిల్లా మల్యాల మండలం ముత్యంపేట పరిధిలో ఉంటుందీ కొండ. చుట్టుపక్కల ఎవరు కొత్త బండి కొన్నా... ట్రాక్టర్ కానీ, ఆటో కానీ, ఇరవై లక్షల కారు కానీ... ముందు ఇక్కడికి రావాల్సిందే. బానెట్‌కు బంతిపూల దండ, అద్దం మీద పసుపు కుంకుమ, టైర్ల కింద నిమ్మకాయలు. పూజయ్యాక బండి ముందుకు కదిలితే నిమ్మకాయ చిట్లుతుంది, ఇంటిల్లిపాదీ నవ్వుతారు.

ఆ వరుసలో ఎప్పుడైనా ఓ పాత అంబాసిడర్ వచ్చి నిలబడితే చాలు, కొత్త కార్లవాళ్లు కూడా దిగి చూస్తారు. పిల్లలైతే కిటికీలోంచి తల లోపలికి పెట్టేస్తారు. వాళ్ల ప్రశ్న ఒక్కటే.

'తాతా, ఇందులో పాటలొస్తయా?'

నిజానికి చాలా పాత బండ్ల తలరాత మారేది ఈ ప్రశ్న దగ్గరే. మనవడు అడిగాడు కదా అని తాత బండిని సౌండ్ సిస్టమ్స్ దుకాణానికి తీసుకెళ్తాడు. అక్కడి కుర్రాడు ఓసారి తలుపు మీద వేలితో కొట్టి చూసి, 'డోర్లు కోసేద్దాం సార్, గంటల పనైపోతది' అంటాడు. నలభై యాభై ఏళ్లు వానకూ ఎండకూ తట్టుకున్న రేకు ఆ గంటలో గుండ్రంగా తెగి కింద పడుతుంది!

కోతా... పోతా?

అంబాసిడర్ తలుపు స్పీకర్ కోసం పుట్టింది కాదు. దాని లోపల అద్దం దిగాలి, హ్యాండిల్ తిప్పితే అద్దాన్ని లేపే మర తిరగాలి. అద్దం పక్క సందులోంచి వాననీళ్లు లోపలికి కారి, అడుగున ఉన్న రంధ్రాల్లోంచి బయటికి పోవాలి. ఇంత సంసారం జరిగే చోట ఆరంగుళాల స్పీకర్‌ను ఇరికిస్తే మొదటి వానాకాలానికే అది తడుస్తుంది. కోసిన అంచు తుప్పు పడుతుంది. పోనీ తలుపు మారుద్దామా అంటే... ఉత్తరపాడాలోని హిందుస్థాన్ మోటార్స్ కర్మాగారంలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. దాని అన్నదమ్ముడి లాంటి ప్రీమియర్ పద్మిని అంతకంటే ముందే, 2000 ప్రాంతంలోనే సెలవు తీసుకుంది. ఇప్పుడు ఏ భాగం కావాలన్నా మరో పాత బండి ఒంటి మీద నుంచి ఊడదీయాల్సిందే.

ఇంకో సంగతి కూడా ఉంది. కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో పాతకాలపు వాహనాల కోసం విడిగా నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన బండికి 'వీఏ' అక్షరాలున్న ప్రత్యేక నంబరు తీసుకోవచ్చు. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. దానికో షరతు... చాసిస్‌లో, బాడీలో, ఇంజన్‌లో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. ఆ నంబరుతో రోజువారీ తిరుగుళ్లకు వీల్లేదనుకోండి, అది వేరే విషయం. స్పీకర్ కన్నం ఒక్కదానికే దరఖాస్తు తోసిపుచ్చుతారని కాదు. కానీ ఇవాళ తలుపు, రేపు వెనక అరమర, ఎల్లుండి డ్యాష్‌బోర్డు... కోత మొదలైతే ఎక్కడ ఆగుతుంది?

మరి రేకును ముట్టకుండా పాట పెట్టలేమా అంటే, పెట్టొచ్చు. ఆ దారి పేరు ఫైబర్‌గ్లాస్. కోతకు బదులు పోత అన్నమాట.

పెట్టె ఎందుకు?

అసలు స్పీకర్‌కు పెట్టె ఎందుకు? ఈ అనుమానం చాలామందికి ఉంటుంది. స్పీకర్ కాగితం ముందుకు వచ్చినప్పుడు ముందున్న గాలిని నెడుతుంది, అదే క్షణంలో వెనకున్న గాలిని లాగుతుంది. ముందు పుట్టిన అలా, వెనక పుట్టిన అలా ఒకదానికొకటి సరిగ్గా వ్యతిరేకం. రెండూ కలిశాయంటే ఒకదాన్నొకటి మింగేస్తాయి. సన్నటి స్వరాలకు ఈ బెడద తక్కువ. డప్పు, మృదంగం, బేస్ గిటార్ లాంటి లావు శబ్దాలకే ఎక్కువ. సెకనుకు 50 సార్లు కంపించే శబ్దం అల పొడవు దాదాపు 22 అడుగులు. అంత పొడవైన అల పదంగుళాల స్పీకర్ అంచు చుట్టూ తిరిగి వెనక్కి రావడం ఎంతసేపు! అందుకే వెనక అలను ఓ పెట్టెలో బంధిస్తారు.

బంధించడమే కాదు, పెట్టెలోని గాలి స్ప్రింగులా పనిచేస్తుంది కూడా. అమెరికాలో ఎడ్గార్ విల్చర్ అనే ఆయన 1954లో చిన్నపాటి మూసిన పెట్టెలో గాలినే స్ప్రింగుగా వాడి, గది నిండా బేస్ పలికించి చూపించాడు. అంతకుముందు అలాంటి శబ్దానికి బీరువా అంత పెట్టె కావాలనుకునేవారు. ఏ స్పీకర్‌కు ఎంత గాలి కావాలో లెక్క కట్టే పద్ధతిని ఆ తర్వాత ఆస్ట్రేలియాలో పనిచేసిన నెవిల్ థీల్, రిచర్డ్ స్మాల్ రూపొందించారు. ఇవాళ స్పీకర్ డబ్బాలో ఉండే కాగితం మీద కనిపించే అంకెలు వాళ్ల చలవే. పదంగుళాల సబ్‌వూఫర్లలో చాలావాటికి 15 నుంచి 30 లీటర్ల మూసిన పెట్టె సరిపోతుంది.

ప్లైవుడ్ పెట్టె కొట్టించడం తేలికే. కాకపోతే అది నలుచదరం, అంబాసిడర్ డిక్కీ నలుచదరం కాదు. చక్రం మీద ఉబ్బు, పక్క రేకు వంపు, పైన మూత గుండ్రం. మధ్యలో పెట్టె పెడితే కొండగట్టుకు తెచ్చిన సంచులూ, స్టెప్నీ, జాకీ ఎక్కడ పెట్టాలి? చక్రం వెనకాల, ఎవరికీ పనికిరాని ఆ వంకర మూల ఒకటి ఖాళీగా పడి ఉంటుంది. ఫైబర్ అయితే ఆ వంకరనే తన ఆకారంగా చేసుకుంటుంది.

ఫైబర్ మనకు కొత్తదేం కాదు. కూడళ్లలో నేతల విగ్రహాలు, పార్కుల్లో జారుడుబల్లలు చాలావరకు దాంతో చేసినవే. 1953లో అమెరికాలో వచ్చిన షెవర్లే కార్వెట్ ఒళ్లంతా ఫైబరే. మన దగ్గర బెంగళూరు సిపానీ కంపెనీ 1980లలో డాల్ఫిన్ అనే ఫైబర్ ఒంటి కారును అమ్మింది.

మేస్త్రీ చేతిలో

పని మొదలయ్యేది టేపుతో. డిక్కీ మూలను కడిగి ఆరబెట్టి, మాస్కింగ్ టేపును ఒకదాని మీదొకటి ఎక్కేలా రెండు మూడు పొరలు అంటిస్తారు. దాని మీద అల్యూమినియం ఫాయిల్, ఆ పైన మైనం. చుట్టుపక్కలంతా ప్లాస్టిక్ పట్టా. ఈ పూటంతా విసుగే... కానీ ఇక్కడ తొందరపడితే రెసిన్ రంగుకు అంటుకుంటుంది, రేకును కాపాడాలన్న ముచ్చట మొదట్లోనే పోతుంది.

తర్వాత గాజుపోగుల చాప. బజార్లో 'మ్యాట్' అంటే ఇస్తారు. చదరపు మీటరుకు 450 గ్రాములది తెచ్చి, అరచేయంత ముక్కలుగా చింపుతారు. కత్తెరతో కోస్తే అంచులు గీతల్లా తేలతాయి, చింపితే ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. మ్యాట్ బరువుకు రెండు, రెండున్నర రెట్లు రెసిన్ పడుతుంది. బ్రష్‌తో గోడకు సున్నం వేసినట్టు లాగకూడదు, పొడిచినట్టు అద్దాలి. గాలి బుడగ మిగిలితే అక్కడ తెల్లగా కనిపిస్తుంది, రేపు పగిలేది అక్కడే. ఒక్కో పొర మిల్లీమీటరు మందం ఇస్తుంది. రెండు మూడు పొరలు గట్టిపడ్డాక అచ్చును మెల్లగా ఊడదీసి, ఆరుబయట మిగతా పొరలు వేసి ఐదారు మిల్లీమీటర్లకు తెస్తారు.

అచ్చు చేతికొచ్చాక అసలు చూడముచ్చటైన ఘట్టం. స్పీకర్ బిగించే చెక్క రింగును నాలుగు పుల్లల మీద నిలబెట్టి, వినేవాళ్లవైపు తిప్పుతారు. దాని మీద నుంచి అచ్చు అంచుల దాకా సాగే గుడ్డను బిగించి లాగుతారు. పాత టీషర్టు అయినా ఫర్వాలేదు. గుడ్డ డేరాలా సాగి, ఎవరూ గీయని వంపు ఒకటి దానంతటదే వస్తుంది. ఆ గుడ్డకు రెసిన్ పట్టించి, గట్టిపడ్డాక లోపలి నుంచి మళ్లీ మ్యాట్ వేస్తారు. పైన పుట్టీ, ఉప్పుకాగితం, మళ్లీ పుట్టీ, మళ్లీ ఉప్పుకాగితం. చివరికి సీట్లు కుట్టే దుకాణంలో, లోపలి సీట్ల రంగుకు కలిసే రెక్సిన్ తొడుగు.

మధ్యలో థర్మాకోల్‌ను అచ్చుగా వాడబోయి నాలుక కరుచుకున్నవాళ్లున్నారు. ఈ రెసిన్ తగిలితే థర్మాకోల్ నీళ్లలో పంచదారలా కరిగిపోతుంది!

లోపల ఎన్ని లీటర్లు పట్టిందో తెలియాలంటే? వంకర పెట్టెకు పొడవు వెడల్పుల లెక్క కుదరదు. స్పీకర్ రంధ్రంలోంచి లీటరు చెంబుతో బియ్యం కొలిచి పోయడమే. కుంచాలూ మానికలూ చూసిన ఇంట్లో ఈ లెక్క ఒకరు నేర్పక్కర్లేదు. కొలిచిన బియ్యం మాత్రం వండుకోకూడదు, కోళ్లకూ వేయకూడదు. అందులో గాజుపొడి ఉంటుంది.

ఊదా సీసా... తెల్ల సీసా

ఇంత ముచ్చటగా ఉన్న పనిలో ప్రాణం మీదికి తెచ్చేది ఒకటుంది. రెసిన్ డబ్బాతోపాటు దుకాణదారు రెండు చిన్న సీసాలు ఇస్తాడు. ఊదారంగుది కోబాల్ట్, పని వేగం పెంచేది. నీళ్లలా తెల్లగా ఉండేది హార్డెనర్. ఈ రెండింటినీ నేరుగా ఒకదాంట్లో ఒకటి కలపకూడదు. కలిపితే భగ్గున మండుతుంది, పేలనూ వచ్చు. ముందు ఊదా మందును రెసిన్‌లో బాగా కలపాలి. అది పూర్తిగా కలిశాకే తెల్లది. అదీ రెసిన్ బరువులో నూటికి ఒకటి రెండు వంతులే. చాలామంది మేస్త్రీలకు ఈ కొలత చేతివాటం. అలవాటు లేనివాళ్లు సిరంజీతో కొలవడమే మేలు.

తెల్లమందు ఒక్క చుక్క కంట్లో పడినా చూపు పోవచ్చు. కళ్లద్దాలు లేకుండా ఆ సీసా మూత తీయకూడదు. పొరపాటున పడితే కనీసం పావుగంట ధారగా నీళ్లతో కడుగుతూనే ఉండాలి, ఆ వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. రెసిన్ వాసనకు తల తిరుగుతుంది. మూతికి దస్తీ కట్టుకుంటే ఆవిరి ఆగదు, రసాయనాల ఆవిరిని పట్టే మాస్కు వేరే ఉంటుంది. పని ఆరుబయటే చేయాలి, దరిదాపుల్లో బీడీ వెలగకూడదు, పిల్లలు రాకూడదు. 45 డిగ్రీలకు చేరే జగిత్యాల ఎండల్లో ఇంకో తంటా... పావుగంట ఆగాల్సిన రెసిన్ ఐదారు నిమిషాలకే గడ్డకట్టి, గిన్నెలో పొగలు కక్కుతుంది. అందుకే వేసవిలో పొద్దున్నే, కొంచెం కొంచెంగా కలుపుకుంటారు. ఉప్పుకాగితం రుద్దే రోజు నిండు చేతుల చొక్కా, దుమ్ము మాస్కు తప్పనిసరి. గాజుపోగు గుచ్చుకుంటే రెండు రోజులు దురదే. ఈ పని రోజూ చేసే మేస్త్రీల్లో చొక్కా కూడా లేకుండా కూర్చునేవాళ్లను చూస్తే మాత్రం బాధేస్తుంది. మాస్కు ఖరీదు స్పీకర్ ఖరీదులో ఎన్నో వంతు? బండి ఇచ్చే యజమాని ఆ మాట అడిగి, ఆ ఖర్చేదో తనే పెట్టుకుంటే పోయేదేం లేదు.

కరెంటు సంగతి రెండు ముక్కల్లో. పాత మోడళ్లలో ఉండే డైనమో హెడ్‌లైట్లకే ఆపసోపాలు పడుతుంది, దాని మీద వెయ్యి వాట్ల ఆంప్లిఫయర్ పెడితే మోసేదెవరు? చిన్నది చాలు. కొన్ని పాత బ్రిటిష్ తరహా బండ్లలో బ్యాటరీ పాజిటివ్ తీగను బాడీకి కలిపేవారు. చూసుకోకుండా ఇప్పటి స్టీరియో తగిలిస్తే పాట బదులు పొగ వస్తుంది. బ్యాటరీ నుంచి వచ్చే తీగకు, బ్యాటరీ పక్కనే ఫ్యూజ్ ఉండి తీరాలి.

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి వైపు పాత కార్లలో మొదట పలికిన టేప్‌రికార్డర్లు చాలావరకు గల్ఫ్ నుంచి వచ్చినవే. డ్యాష్‌బోర్డులో ఆ పాత టేప్‌ను ఉన్నచోటే ఉంచి, కొత్త స్టీరియోను గ్లోవ్‌బాక్స్‌లో దాచేవాళ్లూ ఉన్నారు. అదీ ఇదే తరహా మర్యాద.

పెట్టె పూర్తయ్యాక డిక్కీలో ముందునుంచీ ఉన్న రంధ్రాలకే నాలుగు బోల్టులతో బిగిస్తారు. స్పీకర్ కాగితాన్ని వేళ్లతో మెల్లగా లోపలికి నొక్కి వదిలితే అది తాపీగా వెనక్కి రావాలి. చటుక్కున వచ్చిందంటే ఎక్కడో గాలి పోతోందన్నమాట, మళ్లీ విప్పాల్సిందే. విప్పడానికి పది నిమిషాలు. అప్పుడు పెట్టె వెనక్కి తిప్పి చూస్తే, రేకు మడతలూ, ఉత్తరపాడాలో ఎవరో వేసిన వెల్డింగ్ చుక్కలూ మసకగా అచ్చుపడి ఉంటాయి. డిక్కీలో టేపు ఒలిచిన చోట పాత రంగు పాతరంగులాగే ఉంటుంది.