చక్రానికి పట్టిన నల్ల పొడి

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలు సాధారణంగా ఆవకాయకు పట్టిన బూజు గురించో, బియ్యంలో పురుగు గురించో ఉంటాయి. ఈసారి ఒక తల్లి కారు చక్రం గురించి రాశారు. ఆమె కుమారుడు సెకండ్‌హ్యాండు కారు కొని ఊళ్లో కిరాయికి తిప్పుతున్నాడు. వెండిలా మెరిసే అల్లాయ్ చక్రాలు చూసి ముచ్చటపడి కొన్నాడట. అయితే ఎడమవైపు ముందు చక్రం మూడు రోజులు తిరిగేసరికి మసిబొగ్గులా అయిపోతోంది. సబ్బు అయింది, బూడిద అయింది, ఇటుక పొడి కూడా అయింది. "ఇప్పుడు బాత్‌రూము కడిగే ఆసిడ్ సీసా తెచ్చిపెట్టుకున్నాడు. పోయనివ్వమంటారా, వద్దంటారా?" అని ఆమె ప్రశ్న.

వద్దమ్మా. ఈ మాట మేము పుస్తకాలు చదివి చెప్పడం లేదు. కొన్నేళ్ల క్రితం మేమూ అదే పని చేశాము. ఆసిడ్ పోయగానే బుసబుస నురుగు వచ్చింది, మసి పోయింది, మా తెలివికి మేమే మురిసిపోయాము. ఎండ తగిలాక చూస్తే చక్రమంతా సున్నం చల్లినట్టు తెల్లని మచ్చలు. ఆ మచ్చలు ఆ బండిని అమ్మేవరకూ అలాగే ఉన్నాయి. కొనడానికి వచ్చినవారు మొదట వాటినే చూశారు.

అయినా మా అనుభవం ఒక్కటే చాలదనిపించి, ఉత్తరం జేబులో పెట్టుకొని సికింద్రాబాదు రెజిమెంటల్ బజారుకు వెళ్లాము. రైలు స్టేషనుకు దగ్గరలోనే ఉంటుంది ఈ పేట. పూర్వం కంటోన్మెంటులో ఉన్న ఇంగ్లీషువారి పటాలాల మూలంగా వచ్చిన పేరు. పాతవారు సికింద్రాబాదును ఇప్పటికీ లష్కర్ అనే అంటారు గదా. అక్కడ ఒక ఇరుకు సందులో మాకు తెలిసిన ముసలి మెకానిక్ ఒకాయన ఉన్నాడు. అందరూ ఉస్తాద్ అని పిలుస్తారు, మేమూ అంతే. ఉత్తరం చదివి వినిపించాము. మందు పేరు ఏదో చెబుతాడని కలం తీసి సిద్ధంగా కూర్చుంటే ఆయన ఎదురు ప్రశ్న వేశాడు.

"ముందు ఒకటి చెప్పుండ్రి సార్. ఒక్క చక్రమే నల్లగైతుందా, ముందరివి రెండూ సమానంగా అయితున్నయా?"

"ఒక్కటేనని రాశారు, ఉస్తాద్. ఎడమవైపుది."

"అయితే కడుగుడు తర్వాత. ముందుగాల చక్రం ఇప్పి బ్రేకు చూపియ్యమనుండ్రి."

మేము ఉత్తరాన్ని అప్పటికి రెండుసార్లు చదివాము. ఆ "ఒక్క చక్రం" అన్న మాట మా కళ్లకు ఆనలేదు. ఉత్తరంలో ఫోను నంబరు ఉంది గనుక అక్కడి నుండే ఆ అబ్బాయికి ఫోను చేసి, ఉస్తాద్ చెప్పినది చెప్పాము. తరువాత జరిగినది చివరలో రాస్తాము. ఇంతకూ ఆ నల్ల పొడి ఏమిటో ముందు చూద్దాము.

చాలామంది అది రోడ్డు దుమ్ము అనుకుంటారు. కాదు. చక్రంతో పాటు తిరిగే పోత ఇనుప పళ్లెం ఒకటి ఉంటుంది, దానినే డిస్కు అంటారు. మనం బ్రేకు తొక్కినప్పుడు రెండు ప్యాడ్లు దానిని ఇరువైపులా పట్టుకుంటాయి. రాపిడికి ప్యాడూ అరుగుతుంది, డిస్కూ అరుగుతుంది. ప్యాడులో ఉక్కు పీచు, గ్రాఫైటు, కొన్నిటిలో రాగి, వీటన్నిటినీ పట్టి ఉంచే ఒక రకమైన జిగురు ఉంటాయి. అరిగిన ఈ సరుకంతా వేడి వేడి పొడిగా వచ్చి చక్రం మీద పడుతుంది. అందులో ఇనుము ఎక్కువ. దాని మీద మంచో వానో పడితే ఆ ఇనుము తుప్పు పట్టి, చక్రం పైనున్న రంగుపూతలో పాతుకుపోతుంది. అందుకే మొదటి వారంలో నీళ్లతో పోయేది ఆరు నెలల తరువాత గోకినా పోదు. రైలు స్టేషనుల్లో పట్టాల మధ్య కంకర గోధుమ ఎరుపుగా ఉండటం మీరు చూసే ఉంటారు. అక్కడా ఇదే కథ. ఏళ్ల తరబడి రైలు బ్రేకుల నుండి, పట్టాల నుండి రాలిన ఇనుప పొడి తుప్పుపట్టి కంకరకు ఆ రంగు తెచ్చింది.

పాత అంబాసిడర్లకు ఈ బాధ కనిపించేది కాదు, ఎందుకంటే వాటి బ్రేకులు డ్రమ్ములో మూతపడి ఉండేవి, పొడి లోపలే పేరుకునేది. 1980ల తరువాత వచ్చిన చిన్న కార్లతో ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు మామూలయ్యాయి. నిజానికి డిస్కు బ్రేకు కొత్తదేమీ కాదు, లాంచెస్టర్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1902లోనే దానికి పేటెంటు తీసుకున్నాడు. బ్రేకు లైనింగు కథ ఇంకా వింతగా ఉంటుంది. ఇంగ్లాండులోని డెర్బీషైరు కొండల్లో బండివాళ్లు దిగుడులో బండి ఆగడానికి బ్రేకు చెక్కకు పాత బూట్ల తోలు తగిలించుకునేవారట. అది చూసిన హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన అంతకంటె గట్టిదానికోసం 1897లో ప్రయత్నాలు మొదలుపెట్టాడు. ఈనాటికీ దుకాణాల్లో కనిపించే ఫెరోడో అనే పేరు ఆయన పేరులోని అక్షరాలు తారుమారు చేసి పెట్టుకున్నదే.

ఇక కడగడం సంగతి. బండి ప్రయాణం నుండి రాగానే నీళ్లు కొట్టవద్దు. కాలిన డిస్కు మీద చన్నీళ్లు పడితే అది వంకర తిరిగే ప్రమాదముంది, సబ్బు కూడా వెంటనే ఎండి చారలు కడుతుంది. గంటసేపు నీడన నిలిపి, చెయ్యి దగ్గర పెట్టి వేడి లేదని తెలిసిన తరువాతే మొదలుపెట్టాలి.

పొడిగా ఉన్నప్పుడు బ్రష్షుతో దులపవద్దు. నోటితో ఊదవద్దు. గాలి పంపుతో అసలే కొట్టవద్దు. ఉస్తాద్ ఈ మాట చెప్పేటప్పుడు గొంతు తగ్గించాడు. ఆయన చిన్నప్పుడు పని నేర్చుకున్న షెడ్డులో డ్రమ్ము విప్పగానే గాలి కొట్టి పొడి ఎగరగొట్టడమే మొదటి పని, అది కుర్రవాళ్ల పని. ఆ రోజుల్లో లైనింగుల్లో రాతినార, అనగా ఆస్‌బెస్టాస్ కలిపేవారు. ఆ పీచు ఊపిరితిత్తుల్లోకి పోతే బయటికి రాదు. ఇరవై ముప్పై ఏళ్లకు కూడా ఊపిరితిత్తుల జబ్బుగా, క్యాన్సరుగా బయటపడవచ్చు. మీ బండిలో ఏ లైనింగు వేశారో మీకు తెలియదు గనుక దేనినైనా రాతినార ఉన్నట్టే ఎంచి తడిపి తియ్యండి. ముక్కుకు గుడ్డ కట్టుకోండి. పిల్లలను దూరంగా ఉంచండి. మీ అబ్బాయిని మెకానిక్ షెడ్డులో పనికి పెట్టియుంటే ఈ పేరా వాడికి చదివి వినిపించండి.

చక్రానికి వేరే బకెట్టు, వేరే గుడ్డ ఉంచాలి. అదే గుడ్డతో తలుపులు తుడిస్తే అందులో దాగిన ఇనుప నలక రంగంతా గీతలు పెడుతుంది. ముందు నీళ్లు ధారగా పోసి వదులుగా ఉన్న పొడిని పోనివ్వండి. తరువాత కారు షాంపూ కలిపిన నీళ్లతో, మెత్తని బ్రష్షుతో రుద్దండి. షాంపూ లేకపోతే బాగా వడగట్టిన కుంకుడు రసం వాడుకోవచ్చు. సందుల్లోకి పాత టూత్‌బ్రష్షు, చువ్వల వెనుకకు రంగులు వేసే కుచ్చు బ్రష్షు బాగా పోతాయి. బూడిద, ఇటుక పొడి, ఇనుప పీచు వద్దు. అవి మసితో పాటు పూతను కూడా గీకేస్తాయి, ఆ గీతల్లో మళ్లీ పొడి దిగుతుంది. చాకలి సోడా కూడా వద్దు. అల్యూమినియం గిన్నెను సోడాతో కడిగితే నల్లబడటం ఇల్లాళ్లందరికీ తెలిసినదే. అల్లాయ్ చక్రం ఆ గిన్నెకు చుట్టమే. ఇత్తడి చెంబును మెరిపించే చింతపండు కూడా దీనికి పనికిరాదు, పులుపు ఏదైనా ఆసిడ్‌కు తమ్ముడే.

ఇంత చేసినా వేలికి గరగరమని తగిలే చుక్కలు మిగిలితే అవి పాతుకుపోయిన ఇనుప రేణువులు. వాటికోసం కారు సామాన్ల దుకాణాల్లో ఐరన్ రిమూవర్ అని అడిగితే ఇస్తారు. ఆసిడ్ లేనిది, సీసా మీద అల్లాయ్ చక్రాలకు పనికివస్తుందని రాసినది చూసి తీసుకోండి. ఇందులో ఉండే థయోగ్లైకోలేట్ అనే లవణం బ్యూటీ పార్లర్లలో జుట్టు ఉంగరాలు తిప్పడానికి వాడే మందు కుటుంబానికి చెందినదే. ఇనుమును తాకగానే ఊదా రంగుకు తిరిగి చక్రం మీద నెత్తురు కారినట్టు కారుతుంది. మొదటిసారి చూసినవారు భయపడతారు, భయం లేదు. కుళ్లిన గుడ్డు వాసన మాత్రం తప్పదు. తొడుగులు వేసుకొని ఆరుబయట వాడాలి. మూడు నాలుగు నిమిషాలు ఉంచి, ఎండిపోకముందే బాగా కడిగెయ్యాలి. దీనిని బ్లీచింగుతో గాని ఆసిడ్‌తో గాని ఎన్నడూ కలపరాదు. ఒకసారికి పోకపోతే రెండోసారి పోయండి గాని ఎక్కువసేపు నానబెట్టవద్దు.

తారు చుక్కలు వేరు, వాటికి ఈ మందు పనిచేయదు. కిరసనాయిలు తడిపిన గుడ్డతో పోతాయి, కాని చక్రం బండి నుండి విప్పి పక్కన పెట్టినప్పుడే ఆ పని చేయాలి. ప్యాడు మీద గాని డిస్కు మీద గాని నూనె చుక్క పడితే బ్రేకు పట్టదు. మన ఊళ్లలో చక్రం మెరవడానికి కొబ్బరినూనె రాసే అలవాటు ఉంది. నూనె దుమ్మును పిలుస్తుంది, తిరిగే చక్రం నుండి డిస్కు మీదికి చిమ్ముతుంది. ఆ అలవాటు మానుకోవాలి. చక్రం ఆరిన తరువాత పై అంచుకు, చువ్వలకు పలుచగా మైనపు పాలిషు పూస్తే మసి అంత తొందరగా అంటుకోదు. డిస్కుకు మాత్రం ఏదీ తగలరాదు.

కడిగిన నీళ్లు గొడ్లు తాగే తొట్టి దగ్గరకు, బావి గట్టుకు పోనీయకండి. ప్యాడుల్లోని రాగి వాననీటితో వాగుల్లో చేరి చేపలకు హాని చేస్తుందని అమెరికాలో వాషింగ్టన్, కాలిఫోర్నియా రాష్ట్రాలు 2010లోనే ప్యాడుల్లో రాగిని తగ్గించమని చట్టాలు చేశాయి. ఐరోపావారు 2024లో ఆమోదించిన యూరో 7 నిబంధనల్లో పొగతో పాటు బ్రేకుల పొడికి కూడా మొదటిసారి హద్దు పెట్టారు.

కడగడం అయ్యాక బ్రేకు తడిగా ఉంటుంది. ఖాళీ దారిలో మెల్లగా నడుపుతూ రెండు మూడుసార్లు తేలికగా తొక్కి ఆరనివ్వండి. మర్నాడు డిస్కు మీద పలుచని తుప్పు కనిపిస్తే కంగారు పడవద్దు, బండి కదిలి నాలుగు బ్రేకులు పడగానే పోతుంది.

ఇప్పుడు ఉస్తాద్ అడిగిన ప్రశ్నకు వద్దాము. బ్రేకు తొక్కినప్పుడు బరువు ముందుకు తూలుతుంది గనుక ముందు బ్రేకులకే పని ఎక్కువ. ఆ రెండు చక్రాలూ సమానంగా నల్లబడితే అది మామూలే. ఒకటే నల్లబడితే ఆ పక్క ప్యాడు వదలకుండా డిస్కును పట్టుకొని ఉందన్నమాట, లేదా రెండో పక్క బ్రేకు అసలు పనే చేయడం లేదన్నమాట. రెండూ చెడ్డవే. ఆ చక్రం మిగతా వాటికంటె వేడిగా ఉండటం, బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగడం, మైలేజీ తగ్గడం, కీచుమనే చప్పుడు కూడా తోడవుతాయి. టైరు లోపలి వైపు తడి చార కనిపిస్తే బ్రేకు ఆయిలు కారుతున్నదేమో. అప్పుడు బండి కదపకుండా మెకానిక్‌నే ఇంటికి పిలిపించుకోవాలి. రోజూ తళతళలాడేలా కడిగేసే ఇంట్లో ఈ తేడా ఎవరి కంటా పడదు. అందుకే ఉస్తాద్ కడిగే ముందు నాలుగు చక్రాలనూ వేలితో తడిమి చూస్తాడు.

ఆ అబ్బాయి మర్నాడే చక్రం విప్పించాడు. ప్యాడులను పట్టి ఉంచే క్యాలిపర్‌లో ఒక పిన్ను తుప్పుపట్టి బిగుసుకుపోయింది. లోపలి ప్యాడు పూర్తిగా అరిగి, వెనుకనున్న ఇనుప రేకు డిస్కును గీకుతోంది. ఆ వచ్చే ఆదివారం ఒక కుటుంబాన్ని, అందులో ఇద్దరు చంటిపిల్లలు, మెదక్ తీసుకుపోవడానికి ఒప్పుకొని ఉన్నాడట. పిన్నులు శుభ్రం చేయించి గ్రీజు పెట్టించి, ముందు రెండు పక్కలా కొత్త ప్యాడులు, డిస్కులు వేయించాడు. ఒక పక్కే మార్చకూడదని ఉస్తాద్ మరీ మరీ చెప్పి పంపాడు.

నెల తరువాత ఆ తల్లి మళ్లీ ఉత్తరం రాశారు. మెదక్ వెళ్లి క్షేమంగా వచ్చారు. ఇప్పుడు రెండు చక్రాలూ ఒక్కలాగే, వారానికి కొంచెంగా నల్లబడుతున్నాయి, షాంపూ నీళ్లతో పోతున్నది. ఆసిడ్ సీసా బాత్‌రూములోకి వెళ్లిపోయింది. కాని ఇటుక పొడితో రుద్దిన గీతలు మాత్రం ఉండిపోయాయి, వాటికేమైనా ఉపాయముందా అని అడిగారు. మళ్లీ రెజిమెంటల్ బజారుకు వెళ్లి కనుక్కున్నాము. లేదమ్మా. రంగు గీకించి కొత్త పూత వేయించవలసిందే. ఖర్చు విని మీ అబ్బాయి ఇప్పట్లో వద్దంటాడేమో, ఆ గీతలవల్ల బండికి మాత్రం ఏ ఇబ్బందీ లేదని ఉస్తాద్ చెప్పమన్నాడు.