వంశధార, మహేంద్రతనయ రేవుల శుద్ధికి చేయవలసినవి

మహేంద్రగిరిలో పుట్టింది కాబట్టి ఆ నదికి మహేంద్రతనయ అని పేరు. పరశురాముడు తపస్సు చేశాడని చెప్పుకునే ఆ కొండ ఒడిశాలోని గజపతి జిల్లాలో, 1,501 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి దిగి మందస, సోంపేట ప్రాంతాలు దాటి బారువ దగ్గర నది సముద్రంలో కలుస్తుంది. అక్కడి కోటిలింగేశ్వరుడి దర్శనానికి వచ్చేవారికి ఆ సంగమంలో మునగడం పుణ్యం. శ్రీకాకుళం జిల్లాలో మరో పుణ్యనది వంశధార. శ్రీముఖలింగంలో శివరాత్రి ఉత్సవాలు ఆ నదిలో చక్రతీర్థ స్నానంతో ముగుస్తాయి. ఆనాడు ఆంధ్ర, ఒడియా భక్తులు వేలల్లో ఒకే రేవులో దిగుతారు.

మహేంద్రతనయ చిన్న నది. వానాకాలంలో ఉరకలు వేసినా వేసవికి సన్నబడుతుంది. ఇలాంటి నదుల మొగలు ఎండాకాలంలో ఇసుకతో పూడుకుపోతుంటాయి. పారే నీరు మురికిని కొంత పలుచన చేస్తుంది, గాలిలోని ప్రాణవాయువును కలుపుకొని కొంత తనే శుద్ధి చేసుకుంటుంది. నిలిచిన నీటికి ఆ శక్తి తక్కువ. వరదలో కొట్టుకుపోయేంత చెత్తే అయినా మాఘ ఫాల్గుణాల్లో రేవులోనే కుళ్ళుతుంది. స్నానపర్వాలు ఎక్కువగా వచ్చేది వానలు తగ్గాకే.

కట్టుబట్టలు నీళ్ళలో వదిలేయడం, పూజాద్రవ్యాలను ప్లాస్టిక్ సంచితో సహా విసరడం, రంగు విగ్రహాల నిమజ్జనం భక్తి పేరుతో జరిగేవి. నీళ్ళలో ఉమ్మకూడదని, మలమూత్రాలు విడవకూడదని ధర్మశాస్త్రాలే చెప్పాయి కనుక వీటిని ఆపితే ఆచారానికి లోటు రాదు. అంతకన్నా పెద్ద బెడద ఊళ్ళ మురుగు. పలాస వైపు జీడి పరిశ్రమ సంగతి వేరు: పిక్క తొక్కలోని నూనె చర్మాన్ని కాలుస్తుంది, పిక్కలు కొట్టే ఆడవాళ్ళ చేతులే దానికి సాక్ష్యం. ఆ నూనె కలిసిన నీరు ఏ గెడ్డలోకీ పోకూడదు.

చట్టానికి కొరత లేదు. 1974 నాటి జలకాలుష్య నివారణ చట్టంలోని 24వ సెక్షన్ ప్రవాహాల్లో కలుషితాలు వదలడాన్ని నిషేధిస్తుంది. స్నానానికి పనికివచ్చే నీటిలో లీటరుకు ప్రాణవాయువు 5 మిల్లీగ్రాములకు తగ్గకూడదు, బీవోడీ (మురికిని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు వాడుకునే ప్రాణవాయువు) 3 మిల్లీగ్రాములు దాటకూడదు. మలజనిత బాక్టీరియా 100 మిల్లీలీటర్లకు 500 లోపు ఉంటే మంచిది, 2,500 దాటితే ఆ నీరు స్నానానికి తగదు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాలను కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లోనే వద్దంది.

జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలో ప్రబలిన కిడ్నీ వ్యాధికి కారణం ఇంకా తేలలేదు, దాన్ని నదుల మీదకు నెట్టడం తొందరపాటు. అయితే 2023 డిసెంబరులో ప్రారంభమైన సుజలధార పథకంతో హిరమండలం నుంచి వంశధార నీళ్ళే ఉద్దానం కుళాయిలకు వస్తున్నాయి. ఎగువన ఒడిశాలో గుణుపురం లాంటి పట్టణాలు నది ఒడ్డునే ఉన్నాయి. నీటి వాటాల కోసం రెండు రాష్ట్రాలకు 2010లో ట్రిబ్యునల్ ఏర్పడింది, 2017లో తీర్పు వచ్చింది. నీరు చెరి సగమన్న లెక్క కుదిరింది కానీ ఆ సగం ఎంత శుభ్రంగా ఉండాలన్నది వాటాల లెక్కలోకి రాదు.

గంగను శుద్ధి చేసే పథకం 1986లో మొదలైతే పని ఇంకా సాగుతూనే ఉంది. ఈ నదుల ఒడ్డున అంత పెద్ద నగరాలు లేవు. ముందే పూనుకుంటే పంచాయతీల స్థాయి పనులతోనే చాలావరకు నెగ్గుకు రావచ్చు. మురుగుకాలువ గెడ్డలో కలిసే ప్రతిచోటా ముందు మడ్డి దిగే చెరువు తవ్వి నీటిని వడగట్టాలి. బారువ, ముఖలింగం రేవుల్లో బట్టలకు, పూలకు వేర్వేరు తొట్లు, ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే గదులు, మరుగుదొడ్లు ఏర్పాటు చేసి, వాటి ఖర్చును ఉత్సవ పద్దులోనే చూపాలి. నిమజ్జనానికి నదికి దూరంగా గుంట తవ్వాలి. వంశధార నీటి నాణ్యతను రెండు రాష్ట్రాల కాలుష్య నియంత్రణ మండళ్ళు కలిసి నెలనెలా పరీక్షించాలి. కార్తీక స్నానాలకు, చక్రతీర్థానికి వారం ముందు తీసిన నమూనాల ఫలితాన్ని రేవు మెట్ల దగ్గర తెలుగులోనూ ఒడియాలోనూ బోర్డు మీద రాయాలి.