వైద్యుడేల పరీక్ష చేయింపడు?

"ఆయన వైద్యుడు గదా! డి.ఎన్.ఏ. పరీక్ష యొకటి చేయించిన తేలిపోవు సంగతికి ఇన్నేండ్లు భార్యను సాధింపనేల?" 2017 మొదలు 2023 వరకు 'కార్తీకదీపం' అను టెలివిజను ధారావాహిక నడచినంత కాలము తెలుగువారి యిండ్లలో ఈ ప్రశ్న వినబడుచునే యుండెను. వంటయింట అత్తాకోడండ్రును, అరుగులమీద పెద్దలును దీనిని గూర్చి వాదించిరి. 2024లో అదే పేర మరియొక కథ మొదలైనను పాత ప్రశ్న మరుగున పడలేదు.

చూడనివారికై కథ రెండు మాటలలో చెప్పుదుము. కార్తీక్ అను వైద్యుడు నల్లని మేనిఛాయ గల దీపను వలచి పెండ్లాడెను. అతనిని కోరియున్న మోనిత తంత్రము పన్ని, అతనికి సంతానము కలుగదని నమ్మించెను. దీప గర్భవతి కాగా అతడామె శీలమును శంకించెను. కవలలు పుట్టిరి. ఒక బిడ్డ తల్లి చెంత పెరిగినది. రెండవది, తన కూతురని యతడెరుగకయే, తండ్రి యింటనే పెరిగినది.

ఇట్టి కథను గూర్చి తర్కించుట పనిలేనివారి ప్రొద్దుపోక యని పరిహసించు విద్యావంతులు కలరు. మేము వారితో ఏకీభవింపజాలము. సంభవమే యైనను నమ్మరాని దానికంటె, అసంభవమైనను నమ్మదగినది కావ్యమునకు మేలని గ్రీకు విమర్శకుడగు అరిస్టాటిలు చెప్పెను. ఔచిత్యమే కావ్యమునకు ప్రాణమని కాశ్మీర కవి క్షేమేంద్రుడు 11వ శతాబ్దమున వాదించెను. ఈ గ్రంథముల పేరైన వినని గృహిణి ఆ కొలతతోనే కథను కొలుచుచున్నది. ఆమె యడిగినది గాలిమాటయు కాదు. లాల్జీసింగుగారు హైదరాబాదునందలి సి.సి.ఎం.బి. పరిశోధనాలయమున 1988 నాటికే డి.ఎన్.ఏ. ముద్రల విద్యను సిద్ధింపజేసిరి. ముప్పదేండ్ల తరువాతి కథలోని వైద్యునికి అది తట్టకుండుట ఎట్లు పొసగును?

కథకులకు మాత్రము ఈ ప్రశ్న తట్టలేదా? తట్టియే యుండును. పరీక్ష జరిగిన ముడి వీడును. ముడి వీడిన కథ ముగియును. కథ ముగిసిన నడుమ వచ్చు ప్రకటనల రాబడియు ముగియును. ప్రేక్షకుల మాట నిర్మాతల చెవిని పడదనుటకును వీలులేదు. 2000లో మొదలైన 'క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ' అను హిందీ ధారావాహికలో మిహిర్ అను పాత్రను చంపివేయగా జనులు గగ్గోలు పెట్టిరి. నిర్మాతలు వానిని మరల బ్రదికించిరి. చచ్చినవానిని లేపగలిగినవారికి బ్రదికియున్న వైద్యునిచే ఒక పరీక్ష చేయించుట కష్టమా?

పూర్వకవులు ఇట్లు తప్పించుకొనలేదు. భారతమందలి దుష్యంతుడు శకుంతలను ఎరిగియుండియు ఎరుగననెను. నాయకునకు అది తగదని తోచి, కాళిదాసు దుర్వాసుని శాపమును, ఉంగరమును కల్పించెను. రాజేల మరచెనని చూపరులడుగకమునుపే కవి సమాధానము సిద్ధపరచెను. ప్రేక్షకుని బుద్ధిని గౌరవించుట యన నిదియే.

అయినను, ప్రేక్షకుల ప్రశ్న సగము త్రోవలో నిలిచిపోయినదని మా యభిప్రాయము. వారు బిడ్డల రక్తమును పరీక్షింపుమనిరి. కాని వైద్యుని చేతిలోని నివేదిక యెవరిని గూర్చినది? అతనిని గూర్చినదే గదా! ముందుగా తేలవలసినది ఆ నివేదిక నిజమా, కల్లయా యనునది. తన లోపమును చెప్పిన కాగితమును నమ్మి తన భార్యను నమ్మనివాడు, పరీక్షింపదగినవారు ఆమెయు ఆమె బిడ్డలునే యని తలచుట యేమి న్యాయము? పరీక్ష జరిగిన దీప నిర్దోషి యని తేలునని మనమందరము వాదించితిమి. జరుగనంతవరకు ఆమె దోషియే యని దాని యర్థము కాదా?

మన న్యాయశాస్త్రము ఇంతకంటె ఉదారమైనది. చెల్లుబాటగు వివాహము నిలిచియుండగా పుట్టిన బిడ్డ ఆ భర్త సంతానమే యని 1872 నాటి సాక్ష్యచట్టము 112వ విభాగమున శాసించెను. గర్భము నిలువదగిన కాలమున దంపతులకు కలయిక యవకాశమే లేదని ఋజువు చేసిననే తప్ప అది తిరుగదు. దాని స్థానమున 2024 జూలై నుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము 116వ విభాగమున ఇదే నియమమును నిలిపినది. అడిగినంతమాత్రమున రక్తపరీక్షకు ఆజ్ఞ యీయరాదనియు, దానివలన తల్లికిని బిడ్డకును కలుగు కళంకమును ముందుగా ఆలోచింపవలెననియు సుప్రీంకోర్టు 1993లోనే చెప్పెను. ఋజువు చేయు బరువు చట్టము శంకించువానిపై మోపినది. కథ భార్యపై మోపినది.

ఇది కథకు మాత్రమే చెందిన సంగతి యైన మేమింత వ్రాయము. ఒక కాగితము చూచియో, ఒకరి చెప్పుడుమాట వినియో కోడలిని పుట్టినింటికి పంపిన కుటుంబములను పాఠకులలో ఎరుగనివారెవరు? అప్పుడు పెద్దమనుషులు పంచాయతీకి కూర్చుండి, "అమ్మాయీ, నీవేమందువు?" అని మొదట ఆమెనే యడుగుదురు. "నీకీ మాట చెప్పినదెవరు? నీవు విచారించితివా?" అని అబ్బాయి నడుగువారు అరుదు.

కావున ఇంటింటి తర్కము మానవలదని మా మనవి. పత్రిక చాటున ముఖము దాచి కథ వినుచుండు మగవారును బాహాటముగనే అందు పాల్గొందురుగాక! "ఆయన పరీక్ష యేల చేయింపడు?" అని యడుగుట మంచిదే. "ఆమె ఋజువేల చూపవలెను?" అని కూడ అడిగిననాడే ఆ ప్రశ్న పూర్తి యగును.