హాస్టల్ ఖాళీ చేశాక ఇల్లెవరిస్తారు? మన స్కోరు గురించి మనమే మాట్లాడుకోవాలి

పోస్టు కొంచెం పెద్దదే. డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్నవాళ్లు మాత్రం చివరిదాకా చదవండి.

మేము విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న ముగ్గురం. మావి పాడేరు వైపు ఊళ్లు. మా ఇళ్లల్లో కాలేజీ మొహం చూసినవాళ్లం మేమే మొదలు. ఆఖరి సెమిస్టరు అవుతుండగానే ముగ్గురికీ హైదరాబాద్‌లో ఉద్యోగాలొచ్చాయి. పరీక్షలయ్యాక హాస్టల్ ఖాళీ చేయాలి కాబట్టి, ఇల్లు చూసుకుందామని మొన్న వెళ్లి వచ్చాం. అక్కడ జరిగిందే ఈ పోస్టు రాయడానికి కారణం.

ఆఫీసుకి దగ్గర్లో, ఫ్లాట్లను అద్దెకిచ్చే ఒక కంపెనీ ఉంది. ఫోన్లోనే దరఖాస్తు. ఓనరుతో పని లేదు, "మీరేమిట్లు?" అని కులం అడిగేవాళ్లూ లేరు. హమ్మయ్య అనుకున్నాం. పాన్ నంబరు అడిగారు, ఇచ్చాం. స్కోరు బాగుంటే ఒక నెల అడ్వాన్సు చాలట. మాలో ఇద్దరికి అసలు స్కోరే లేదు. మూడోవాడికి ఉంది కానీ 600 కూడా లేదు. మాకైతే మూడు నెలల అడ్వాన్సు కట్టాలన్నారు. అంటే 42,000. అది కుదరకపోతే జీతం స్లిప్పు ఉన్న ఇంటి మనిషిని గ్యారంటీ పెట్టమన్నారు.

మా ఇళ్లల్లో జీతం స్లిప్పు ఎవరికుంటుంది? మా నాన్నలు కాఫీ, పసుపు పండించేవాళ్లు. మా దగ్గర ముగ్గురివీ కలిపి 15,000 ఉన్నాయి. తక్కువ స్కోరున్నవాడు ఆ రాత్రి బస్టాండులో కూర్చుని, "మీరిద్దరూ చేరండిరా, నావల్ల మీక్కూడా ఇల్లు రాదు, నేను ఊరికి పోతాను" అన్నాడు. మూడేళ్లు మెస్సు అన్నం తిని, రాత్రుళ్లు చదివి తెచ్చుకున్న ఉద్యోగం. ఒక నంబరు చూసి వదిలేస్తానంటున్నాడు. మాకు భయమేసింది అక్కడే.

వాడు చేసిన తప్పేంటో వాడి అనుమతితోనే రాస్తున్నాం. మొదటి సంవత్సరంలో వరసకి అన్నయ్య అయ్యే ఒకతను ఈఎంఐలో ఫోన్ కొనుక్కుంటానంటే తన పాన్ కార్డు ఇచ్చాడు. అతను మూడు నెలలు కట్టి మానేశాడు. ఫోన్ అతని చేతిలో ఉంది, అప్పు మనవాడి పేరు మీద ఉంది. చుట్టాన్ని ఎలా అడగడం అని ఊరుకున్నాడు. మనలో ఈ మొహమాటం చాలామందికి ఉంది. "పేరే కదా, డబ్బులు కాదు కదా" అనుకుంటాం. పేరిస్తే అప్పు మనదే. గ్యారంటీ సంతకం పెట్టినా ఆ అప్పు మన రిపోర్టులో కనిపిస్తుంది.

ఇప్పుడు మా మాట చెబుతాం. ఈ స్కోరు మనిషి మంచివాడా కాదా అని కొలిచేది కాదు. 300 నుంచి 900 వరకూ ఉండే ఈ నంబరుకి తెలిసింది ఒక్కటే: నువ్వు బ్యాంకుల దగ్గర, ఫైనాన్సుల దగ్గర అప్పు తీసుకుని ఎలా కట్టావు అని. నెలనెలా కట్టే ఇంటి అద్దె మామూలుగా అందులోకి ఎక్కదు. అమ్మ సంఘంలో తీసుకున్న అప్పు ఒక్క వాయిదా తప్పకుండా కట్టినా అది కొడుకు లెక్కలోకి రాదు. అప్పే చేయనివాడికి స్కోరే ఉండదు. మరి అద్దె సరిగ్గా కడతామా లేదా అన్నది ఇందులో ఎక్కడ తెలుస్తుంది? మొదటిసారి అప్పుకొచ్చినవాళ్లను పాత చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తిప్పి పంపొద్దని రిజర్వ్ బ్యాంకే 2025లో బ్యాంకులకు చెప్పింది. అప్పిచ్చే బ్యాంకుకే ఆ మాట చెప్పినప్పుడు, ఇల్లు అద్దెకిచ్చేవాళ్లకి అంత పట్టింపు ఎందుకు?

అయితే "స్కోరు అన్యాయం" అని తిట్టి ఊరుకుంటే మనకే నష్టం. మన తాతల కాలంలో సంతలో సావుకారు దగ్గర ఒక పుస్తకం ఉండేది. పసుపు తీయకముందే అడ్వాన్సు ఇచ్చి, అందులో రాసుకునేవాడు. ఏం రాశాడో మనవాళ్లు చదవలేకపోయారు, వేలిముద్ర వేసి వచ్చారు. ఇప్పుడు మన పేరు మీద ఇంకో పుస్తకం రాస్తున్నారు. తేడా ఏంటంటే దీన్ని మనం చదవగలం. చదివే హక్కు కూడా ఉంది. చదువుకున్న మొదటి తరం మనమే అయ్యుండి, చూడకుండా వదిలేస్తే ఎలా?

మన దేశంలో ఈ లెక్కలు రాసే కంపెనీలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ఒక్కోటి ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. వాళ్ల సొంత సైటులోనే తీసుకోండి. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. మనం తీసుకోని అప్పు అందులో కనిపిస్తే ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన. బాకీ నిజమే అయితే మొత్తం కట్టి, బాకీ లేదని కాగితం తీసుకోండి. "సగం కట్టు, సెటిల్ చేసేస్తాం" అంటే ఒప్పుకునేముందు ఆలోచించండి, రిపోర్టులో సెటిల్డ్ అని పడితే అదీ మచ్చే. డబ్బులిస్తే రాత్రికి రాత్రి స్కోరు పెంచుతామనేవాళ్లను నమ్మొద్దు. అడ్వాన్సు కోసం లోన్ యాప్ జోలికి అసలు పోవద్దు.

మాకు ఇల్లెలా దొరికిందంటారా? ఒక సీనియర్ అన్న "వేరేవాళ్ల పేరు మీద అగ్రిమెంటు రాయించండి" అని సలహా ఇచ్చాడు. వద్దనుకున్నాం. పేరు అరువిచ్చే కదా మావాడు ఇక్కడిదాకా వచ్చాడు, మళ్లీ అదే పని ఇంకొకరితో చేయించడమెందుకు? రెండు రోజులు టులెట్ బోర్డులు చూసుకుంటూ తిరిగాం. రెండు చోట్ల ఊరి పేరు చెప్పగానే ముఖం మారింది. మూడో చోట ఒక పెద్దాయన ఆఫర్ లెటర్లు చూశారు, మా వార్డెన్ సార్‌తో ఫోన్లో మాట్లాడారు. అద్దె 9,000, రెండు నెలల అడ్వాన్సు. తక్కువైన 3,000 మాలో ఒకరి అమ్మ సంఘంలో తీసుకుని పంపింది. ఆఫీసు దూరమే, పోనూ రానూ మూడు గంటలు. అయినా ముగ్గురం వెళ్తున్నాం.

మాకు పెద్దాయన దొరికారు. అందరికీ దొరుకుతారా? అందుకే ఈ గ్రూపు ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాం. ఉద్యోగాల్లో ఉన్న అన్నలు, అక్కలు తలా నెలకి కొంత వేసి ఒక అడ్వాన్సు నిధి పెడదాం. ఇంటి అడ్వాన్సు ఖర్చయిపోయే డబ్బు కాదు, ఖాళీ చేసినప్పుడు తిరిగొచ్చేది. ఒకరికి ఇచ్చింది వాళ్ల తర్వాత ఇంకొకరికి పనికొస్తుంది. "ఎవడైనా ఎగ్గొడితే?" అని అడుగుతారు, అడగాల్సిందే. డబ్బు ఓనరు ఖాతాలోకే వేద్దాం, నెలనెలా కొంచెం కొంచెం వెనక్కి కట్టించుకుందాం, లెక్క ఇదే గ్రూపులో పెడదాం. మన అమ్మలు పదిమంది కూర్చుని పుస్తకం రాసుకుని నడుపుతున్నదే కదా ఇది. మనకి చేతకాదా?

ఐటీడీఏనీ ఒకటి అడుగుదాం. ఉద్యోగాలొచ్చి హాస్టల్ వదిలేవాళ్లకి, వీళ్లు ఇన్నేళ్లు మా దగ్గర సరిగ్గా ఉన్నారని హాస్టల్ తరఫున ఒక కాగితం ఇప్పించమని. వార్డెన్ సార్ ఫోన్లో చెప్పిన రెండు మాటలు మాకు గ్యారంటీ అయ్యాయి. అదే మాట కాగితం మీద ఉంటే ఎంతమందికి పనికొస్తుందో ఆలోచించండి.

స్కోరు తక్కువున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే సిగ్గుపడి దాచుకోకండి. మావాడు ఆ ఫోన్ బాకీ మొదటి జీతంతో కట్టడం మొదలుపెడతానంటున్నాడు. ఆ అన్నయ్యని కూడా అడిగాడు, మొదటిసారి గట్టిగా. నిధి గురించి మీ అభిప్రాయాలు కింద రాయండి. వ్యతిరేకమైనా రాయండి.

జై ఆదివాసీ.