సంపాదకుని మాట: ఎండను కూడా లెక్కేసుకుని

నెల్లూరుకూ గూడూరుకూ మధ్య, 16వ నంబరు జాతీయ రహదారి మీదుంది మనుబోలు. ఇక్కడి కుర్రాళ్లు గేమింగ్ కంప్యూటర్ బిగించుకోవాలంటే విడిభాగాల కోసం చెన్నై రిచీ స్ట్రీట్‌కు వెళ్లాలి, లేదంటే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. వాపసు తిప్పలు లేకుండా, మొదటిసారే సరైనవి ఎంచుకోవాలని ఈ సంచిక.

ముందు తేల్చుకోవాల్సింది మానిటర్. 1080పీ తెర చాలనుకుంటే గ్రాఫిక్స్ కార్డు ఖర్చు అదుపులో ఉంటుంది. 1440పీ అయితే బడ్జెట్‌లో సింహభాగం ఆ కార్డుకే పోతుంది. ఏఎండీ 2022లో తెచ్చిన ఏఎం5 సాకెట్ బోర్డు కొంటే, తర్వాత బోర్డు మార్చకుండానే మెరుగైన ప్రాసెసర్ వేసుకోవచ్చు. 16 జీబీ ర్యామ్ రెండు 8 జీబీ స్టిక్‌లుగా ఉంటే డ్యూయల్ చానెల్ వేగం దక్కుతుంది.

పవర్ సప్లై దగ్గర మాత్రం పిసినారితనం వద్దు.

మే నెలలో నెల్లూరు ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. ఫ్యాన్ ఎంత తిరిగినా, చిప్‌ను గది గాలికంటే చల్లబరచలేదు. అందుకే అద్దం ముఖమున్న కేసు కన్నా ముందువైపు జాలీ ఉన్న కేసు మేలు. కరెంటు కోతలుంటే యూపీఎస్ కూడా బడ్జెట్‌లోనే చేర్చాలి. యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్న పవర్ సప్లైకి ప్యూర్ సైన్‌వేవ్ యూపీఎస్ బాగా నప్పుతుంది.

ఏ భాగానికి ఎంత కేటాయించాలో లోపలి పేజీలు వివరిస్తాయి.